వరుస కలిపే ప్రార్థన

కృష్ణా డెల్టాలో వరి పండించే రైతు ఇంట జమాఖర్చుల పుస్తకం ఒకటి ఉండడం పరిపాటి. వచ్చిన పైకాన్ని ఒక ప్రక్క 'జమ' అనీ, పోయినదాన్ని రెండవ ప్రక్క 'ఖర్చు' అనీ వ్రాసుకోవడం తాతలనాటి అలవాటు. గ్రామం శిస్తు లెక్కలు ఏటేటా సరిచూచే తతంగానికి 'జమాబందీ' అని పేరు. ఈ మాటలు మన పల్లెలలో ఎంతగా పాతుకుపోయినవంటే, ఇవి అరబ్బీనుంచి వచ్చినవని ఎవరైనా చెబితేగాని తోచదు. అరబ్బీలో వీటి ధాతువుకు కూడుట, ఒకచోట చేరుట అని అర్థం. ఆ ధాతువునుంచే మరి మూడు మాటలు పుట్టినవి. జనం కూడే శుక్రవారం 'జుమ్మా'. ఊరంతా కూడే పెద్ద మసీదు 'జామా మసీదు'. అక్కడ కలిసి నమాజు చేసే సమూహం 'జమాతు'.

లెక్కల పుస్తకంలోని జమకూ, మసీదులోని జమాతుకూ ఉన్న ఈ చుట్టరికం శబ్దంతోనే ఆగిపోయేది కాదు. ఒక వాడలోని ముస్లిములు రోజుకు ఐదుసార్లు ఒకచోట కూడుతున్నారంటే, ఆ కూడికవల్ల వాడ ఖాతాలో ఏదో ఒకటి జమపడుతూనే ఉండాలి. అది ఏమిటి? ఎవరి అక్కరకు వస్తున్నది? ఎవరికి ఇంకా అందకుండా ఉన్నది? ఈ ప్రశ్నలు మతవిచారానికి మాత్రమే చెందినవి కావు. 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ నిబంధనావళి, ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదనీ, దేహమూ మనస్సూ సంఘజీవనమూ మూడూ కుశలంగా ఉండడమనీ నిర్వచించింది. మొదటి రెండింటిని పరీక్షించే సాధనాలు వైద్యునివద్ద ఉన్నవి. మూడవదానిని మాత్రం మనుష్యులు కూడే చోటనే వెదకవలసి ఉంటుంది. విజయవాడలోనూ, చుట్టుపట్ల డెల్టా గ్రామాలలోనూ తరతరాలుగా సాగుతున్న జమాతు నమాజు అటువంటి చోట్లలో ఒకటి.

నమాజు అనే మాట పారశీకం. అరబ్బీలో దీనిని 'సలాత్' అంటారు. పారశీకపు నమాజు, సంస్కృతపు నమస్సు ఒకే మూలంనుంచి చీలివచ్చిన మాటలని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. తలవంచుట అనే భావం రెండింటిలోనూ ఉన్నది. తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నం జొహర్, ప్రొద్దు వాలినాక అసర్, సూర్యుడు అస్తమించగానే మగ్రిబ్, రాత్రి ఇషా — ఇవి ఐదు వేళలు. ముస్లిము తన నమాజును ఇంటిలోనో, పొలం గట్టుననో, రైలుబండిలోనో ఒంటరిగా చేసుకోవచ్చును. అది చెల్లుతుంది. కాని నలుగురితో కలిసి చేసినది ఒంటరిగా చేసినదానికంటె 27 రెట్లు శ్రేష్ఠమని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. భగవంతునితో మాట్లాడుకోవడానికి ప్రక్కన మరొక మనిషి ఉండడం మేలు అనే ఈ భావన లోతుగా ఆలోచింపదగినది.

ఈ కూడికకు నాలుగు మెట్లు ఉన్నవి. రోజుకు ఐదుసార్లు వాడలోనివారు చిన్న మసీదులో కలుస్తారు. వారానికొకసారి, శుక్రవారం మధ్యాహ్నం, పలువాడలవారు పెద్ద మసీదులో కలుస్తారు. ఏడాదికి రెండుసార్లు, రంజాను బక్రీదు పండుగలనాడు, ఊరంతా ఈద్గా మైదానంలో కలుస్తుంది. స్తోమత కలవారు జీవితంలో ఒక్కసారి మక్కాలో ప్రపంచపు నలుమూలలవారితో కలుస్తారు. పొలంలోని బోదెనుంచి పంటకాలువకు, పంటకాలువనుంచి పెద్దకాలువకు, అక్కడినుంచి కృష్ణకు ఎదురు నడిచినట్లు ఉంటుంది ఈ క్రమం. విజయవాడలో వించిపేట, ఇస్లాంపేట, భవానీపురం వంటి వాడలలో మొదటి మెట్టు చూడవచ్చును. పండుగనాటి ప్రొద్దున ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో బారులు తీరిన వేలమందిలో మూడవ మెట్టు కనబడుతుంది.

మసీదులో విగ్రహం లేదు, పీఠం లేదు, ఎవరికీ ముందుగా కేటాయించిన చోటు లేదు. ముందు వచ్చినవాడు ముందు వరుసలో, వెనుక వచ్చినవాడు వెనుక వరుసలో నిలుస్తాడు. నమాజు ఆరంభించేముందు ఇమాము వెనుదిరిగి, వరుసలు సరిచేసుకోమనీ, నడుమ ఖాళీ ఉంచవద్దనీ హెచ్చరిస్తాడు. భుజానికి భుజం తాకుతుంది. ఒకే పిలుపుకు చేతులు లేస్తవి, ఒకే పిలుపుకు నడుములు వంగుతవి, ఒకే పిలుపుకు నొసళ్ళు నేలను తాకుతవి. చివర ప్రతివాడు ముఖం కుడివైపుకు త్రిప్పి ఒకసారి, ఎడమవైపుకు త్రిప్పి ఒకసారి శాంతి కలుగుగాక అని సలాము చెబుతాడు. దానితో నమాజు ముగుస్తుంది.

తెలుగులో 'వరుస' అనే మాటకు రెండర్థాలు ఉండడం అందరికీ తెలిసినదే. బారుగా నిలుచుండడం వరుస. బంధుత్వమూ వరుసే. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు వరుస కుదిరినదా అని అడుగుతారు. పరాయివానిని అన్నా అనో మామా అనో పిలిస్తే వరుస కలిపినాడంటారు. జమాతు నమాజు చేసే పని ఈ రెండర్థాలనూ ఒకటి చేయడమే. బారులో నిలిచినవారికి బంధుత్వం కలపడం దాని ఉద్దేశం. అది ఎంతవరకు నెరవేరినదనే విచారణలోనే సమాజ స్వాస్థ్యానికి సంబంధించిన అసలు సంగతి ఇమిడి ఉన్నది.

డెల్టా నేలలో

డెల్టాలో ఈ వరుసలు నిన్నమొన్న ఏర్పడినవి కావు. గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం వారి ముఖ్యమైన రేవు. పారశీకదేశపు వర్తకుల ఓడలు అక్కడ ఆగేవి. ఆ ప్రభువులు షియా శాఖవారు. నేటికీ బందరులో షియాలు మొహర్రం నెలలో సామూహికంగా సంతాపం పాటిస్తారు. కూచిపూడి అగ్రహారాన్ని భాగవతుల కుటుంబాలకు తానీషా ఇచ్చినాడని సంప్రదాయ కథనం. కొండపల్లి కోట నీడలో షా బుఖారీ దర్గా ఉన్నది. అక్కడి ఉరుసుకు మతభేదం లేకుండా జనం వెళతారు. ఇన్ని శతాబ్దాల సహవాసం వెనుక ఉన్నది కనుకనే ఈ గడ్డపై నమాజు పరాయి సంప్రదాయంగా తోచదు.

భాష విషయం మరింత గమనింపదగినది. పట్టణపు ముస్లిములలో పలువురి ఇంటిమాట ఉర్దూ. పల్లెలలో విస్తారంగా ఉన్న దూదేకులవారు, అనగా నూర్‌బాషాలు, ఇంట మాట్లాడేది తెలుగు. ప్రత్తి ఏకడం, పరుపులు కుట్టడం వారి పూర్వవృత్తి. వారికి నమాజులోని అరబ్బీ వాక్యాలు ఎట్లా పట్టుబడినవి? చెవితో విని కంఠస్థం చేసినవారు కొందరు. తెలుగు లిపిలో అచ్చువేసిన చిన్న పుస్తకాలనుంచి నేర్చుకొన్నవారు మరికొందరు. శుక్రవారపు అరబ్బీ ఖుత్బాకు ముందు జరిగే ప్రసంగం కొన్ని మసీదులలో ఉర్దూలో, మరికొన్నింటిలో తెలుగులో సాగుతుంది. అర్థం తెలిసి ప్రార్థించాలనే ఆకాంక్షకు తెలుగు పండితులూ తోడ్పడినారు. సుప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త చిలుకూరి నారాయణరావు ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలోనే ఖురానును తెలుగు చేశారు. ఈ విధంగా ఉర్దూ ఇల్లు, తెలుగు ఇల్లు ఒకే వరుసలో నిలిచినవి.

నమాజుకు ముందు చేసే అంగశుద్ధిని 'వుజూ' అంటారు. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులవరకు బాహువులు కడుగుకొని, తల తడిచేతితో తుడుచుకొని, చీలమండలవరకు పాదాలు కడుగుకోవాలి. పెద్ద మసీదులలో ఇందుకు 'హౌజు' అనే నీటితొట్టి ఉంటుంది. ఐదుపూటలా నమాజు చేసేవానికి దీనివల్ల శుభ్రత అలవాటవుతుందని వేరుగా చెప్పనక్కరలేదు. అంతకంటె ఆసక్తికరమైన నియమం మరొకటి ఉన్నది. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా సరే, వుజూలో నీటిని వృథా చేయరాదని ప్రవక్త బోధ. ఎడారిలో పుట్టిన ఈ మాట డెల్టావాసికి మరింత అవసరం. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన నాటినుంచి ఎగువవాడు వృథాచేసిన నీరే దిగువవానికి కరవు. కాలువ కొసన ఉన్న రైతుకు ఈ సంగతి బాగా తెలుసు.

పట్టీ లేని హాజరు

'హాజరు' అనే మాట కూడా అరబ్బీనుంచి మనకు వచ్చినదే. ఉపాధ్యాయులకు దానితో నిత్యం పని. తరగతిలో పేర్లు పిలిచేటప్పుడు పలకని పేరు ఒకటి వినబడితే, మంచి ఉపాధ్యాయుడు పట్టీలో గుర్తువేసి ఊరుకోడు. ఆ పిల్లవాడు ఏమైనాడని ప్రక్క బెంచీవానిని అడుగుతాడు. మసీదులో పట్టీ లేదు, పేర్లు పిలిచేవాడు లేడు. అయినా రోజుకు ఐదుసార్లు హాజరు పడుతూనే ఉంటుంది. మొదటి వరుసలో కుడి కొసన గోడకు దగ్గరగా నిలిచే ముసలివాడు రెండు పూటలు కనబడకపోతే ఆ చోటు ఖాళీగా అగుపిస్తుంది. నమాజు ముగిసి చెప్పులు తొడుగుకొంటూ ఎవరో ఒకరు ఆయన సంగతి ఎత్తుతారు. ఇంటికి వెళ్ళే దారిలో మరొకరు తలుపు తడతారు.

ఇది మర్యాదకొరకు చేసే పని మాత్రమే కాదు. ఒక ముస్లిముపై మరొక ముస్లిముకు ఉన్న హక్కులలో సలాముకు బదులు చెప్పడం, జబ్బుపడితే వెళ్ళి చూడడం, మరణిస్తే వెంట నడవడం, పిలిస్తే వెళ్ళడం చేరి ఉన్నవని హదీసులు చెబుతున్నవి. పరామర్శ రోగికి దయతో ఇచ్చే కానుక కాదు, అతనికి రావలసిన బాకీ. మనిషి కనబడడంలేదని తెలిస్తేగదా ఆ బాకీ తీర్చగలిగేది! ఆ తెలియజేసే పనిని వరుస చేస్తున్నది.

కనబడని మనిషిని వెదకి వెళ్ళేవారు ఉండడం ప్రాణాధారమైన విషయమని చెప్పడానికి మన దేశానికి దూరంగా జరిగిన ఒక ఉదాహరణ ఉన్నది. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాలి వీచి కొద్దిరోజులలో 700 మందికి పైగా మరణించారు. వారిలో పలువురు ఒంటరిగా బ్రతుకుతున్న వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రవేత్త ఈ మరణాలను పరిశీలించి 2002లో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ప్రక్కప్రక్కనే ఉన్న రెండు పేటలను ఆయన పోల్చిచూచాడు. రెంటిలోనూ పేదలు ఉన్నారు, ఒంటరి వృద్ధులూ ఉన్నారు. కాని వీధులు జనంతో కళకళలాడుతూ, మనుష్యులు ఒకరినొకరు ఎరిగిన పేటలో మరణాలు చాలా తక్కువ. వీధులు పాడుపడి ఎవరి తలుపు వారు బిగించుకొన్న పేటలో చాలా ఎక్కువ.

బెజవాడ ఎండల సంగతి తెలుగువారికి వేరుగా చెప్పాలా? 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి పేటలను ముంచినది. ప్రకాశం బరాజు వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినది. వరద ఇంటిలోనికి వచ్చిన రాత్రి ఏ మేడమీద ఎవరు ఉన్నారో, ఏ గదిలో మంచంపట్టిన ముసలమ్మ ఉన్నదో ప్రభుత్వపు కాగితాలకు తెలియదు. అది పొరుగువానికే తెలియాలి. అంతకుముందు ఏడాది పొడుగునా మనుష్యులు ఒకరినొకరు చూచుకొంటూ ఉంటేగాని ఆ జ్ఞానం ఆ ఒక్క రాత్రిలో రాదు. భజనమందిరం, ఆదివారపు చర్చి, ఊరి రచ్చబండ కూడా ఈ పనినే చేస్తున్నవి. జమాతు ప్రత్యేకత దాని తరచుదనంలో ఉన్నది. ఆహ్వానం అక్కరలేకుండా, కానీ ఖర్చులేకుండా, రోజుకు ఐదుసార్లు జరిగే కూడికలు లోకంలో ఎక్కువ లేవు.

ఆకలి, మరణం

రంజాను నెల ముగిసి పండుగ నమాజుకు బయలుదేరేముందు ప్రతి కుటుంబమూ 'ఫిత్రా' చెల్లించాలి. తల ఒక్కింటికి ఇంత ధాన్యమని గానీ, దాని వెలయని గానీ లెక్క. ఇంటిలోని పసిబిడ్డ పేరున కూడా ఇవ్వవలసినదే. ఇందులో గమనింపవలసినది వేళ. నమాజుకు ముందు ఇస్తే అది ఫిత్రా, తరువాత ఇస్తే మామూలు దానం. ఆనాడు పేదవాడు ఆకలితో, చినిగిన బట్టతో వరుసలో నిలువరాదని దీని భావం. భుజం భుజం కలపడానికి ముందే కడుపుల సంగతి చూచుకోమన్నారన్నమాట. ఇదికాక, స్థోమత కలవారు ఏడాదిపాటు నిలువ ఉన్న ధనంలో నలభయ్యవ వంతు 'జకాతు'గా ఇవ్వాలి. బక్రీదు ఖుర్బానీ మాంసాన్ని మూడుపాళ్ళు చేసి, ఒకటి పేదలకు, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి ఇంటికి ఉంచుకోవడం ఆచారం. ఎవరికి ఇవ్వాలో తెలియడానికి మళ్ళీ వరుసే సహాయం. చేయిచాపని పేదవానిని గుర్తించగలిగేది రోజూ అతని ప్రక్కన నిలిచేవాడే.

నమాజులన్నింటిలో మానవసంబంధాన్ని నిండుగా చూపేది 'జనాజా' నమాజు. శవాన్ని ఎదుట ఉంచుకొని, నడుము వంచకుండా, నేలను మ్రొక్కకుండా, నిలుచుండి కొద్దినిమిషాలలో ముగించే ప్రార్థన ఇది. దీనిని ధర్మశాస్త్రజ్ఞులు 'ఫర్జె కిఫాయా' అన్నారు. ఊరిలో కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఒక్కరూ చేయకపోతే పాపం ఊరందరిదీ. ఇంతకంటె స్పష్టంగా సామూహిక బాధ్యతను చెప్పడం కష్టం. దిక్కులేని బాటసారి మరణించినా అతని ఋణం ఊరిమీద ఉంటుంది. ఈ నియమం బరువు తీరాంధ్రవాసులకు బాగా తెలుస్తుంది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం బందరుమీదికి వచ్చినప్పుడు సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. అటువంటి వేళలలో బ్రతికినవారు చనిపోయినవారిని ఏ మతం ప్రకారమైనా సరే మర్యాదగా సాగనంపగలగడం తమ మనస్సు చెదరకుండా నిలుపుకోవడానికి కూడా అవసరం.

2020లో ఈ కూడిక విలువ, కూడిక లేకపోవడంవల్ల బయటపడింది. కరోనా కారణంగా మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్ళినది. ఏప్రిల్ 25న మొదలైన రంజాను నెలంతా తరావీహు నమాజులు ఇళ్ళలోనే జరిగినవి. మే 25న పండుగ నమాజు కూడా ఇళ్ళలోనే. అంటువ్యాధి ఉన్న ఊరికి పోవద్దనీ, ఉన్నవారు వెడలిపోవద్దనీ ప్రవక్త చెప్పిన మాటను మతపెద్దలు ఆ దినాలలో గుర్తుచేశారు. మన జిల్లాలవారెందరో బ్రతుకుతెరువుకు వెళ్ళిన కువైట్‌లో ఆ మార్చి నెలలో, నమాజుకు రమ్మనే అజానులోనే ఇండ్లలో ప్రార్థించండని పిలిచారు. జూన్ 8 తరువాత మసీదులు తెరచుకొన్నప్పుడు మనిషికీ మనిషికీ నడుమ దూరం పాటించవలసివచ్చినది. నడుమ ఖాళీ ఉంచవద్దని తరతరాలుగా చెప్పిన నోటితోనే ఖాళీ ఉంచమని చెప్పడం ఇమాములకు ఎంత కష్టంగా ఉన్నదో ఊహింపవచ్చును. అయితే ఆ దూరం కూడా పొరుగువాని ప్రాణం కొరకే. ఆ అర్థంలో వరుస తెగలేదు.

వరుసకు వెలుపల

ఇంతవరకు చెప్పినదంతా జమ. ఖర్చుల పుటను కూడా తెరచి చూడకపోతే లెక్క నిజాయితీ అనిపించుకోదు.

మొదటిది స్త్రీల సంగతి. ప్రవక్త కాలంలో స్త్రీలు మసీదుకు వచ్చి నమాజు చేసేవారు. మసీదుకు పోయే స్త్రీలను వారించవద్దని హదీసు ఉన్నది. మక్కాలో నేటికీ స్త్రీపురుషులు నమాజు చేస్తారు. మన ప్రాంతంలో హనఫీ సంప్రదాయాన్ని అనుసరించి స్త్రీలు ఎక్కువగా ఇంటనే చేసుకొంటారు. మసీదులో స్త్రీలు నమాజు చేయడానికి ఇస్లాం అనుమతిస్తున్నదని అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు 2020 జనవరిలో సుప్రీంకోర్టుకు తెలిపింది. అయినా వారికి వేరుగా చోటు కల్పించిన మసీదులు తక్కువే. ముసలివాడు కనబడకపోతే వెదకివెళ్ళే వరుస, ఇంటిలో ఒంటరిగా ఉన్న ముసలమ్మను ఎట్లా గుర్తిస్తుంది? స్వాస్థ్యం కూడికవల్లనే కలుగుతుందని ఒప్పుకొంటే, సగంమందికి ఆ కూడిక దూరంగా ఉండడం పెద్ద లోటని కూడా ఒప్పుకోక తప్పదు.

రెండవది కులం సంగతి. నమాజులో భుజం కలిపినవారే పెళ్ళిమాటల దగ్గర వరుస కలపడానికి వెనుదీస్తారనే విమర్శ బయటివారు చేసినది కాదు. తెలుగు ముస్లిము రచయితలే చేశారు. 1998లో వెలువడిన 'జల్‌జలా' కవితాసంకలనంతోనూ, ఆ తరువాత వచ్చిన కథాసంకలనాలతోనూ ఆ స్వరం తెలుగు సాహిత్యంలో బలపడింది. దూదేకులవారిని తక్కువగా చూడడం, తెలుగు మాట్లాడే ముస్లిమును సంపూర్ణ ముస్లిముగా అంగీకరించకపోవడం వారు ఎత్తిచూపిన గాయాలు. ఇది నమాజులోని లోపం కాదు, నమాజు నేర్పిన పాఠాన్ని మసీదు గడపలోనే విడిచిరావడం. బడిలో నేర్చిన నీతిని బడి గేటు దాటగానే మరచే లోకరీతి ఏ ఒక్క మతానికీ పరిమితం కాదు.

మూడవది అన్యమతస్థుల సంగతి. తమలోతాము గట్టిగా కూడినవారు ఇతరులకు దూరమవుతారేమో అనే సందేహం సహజం. ఇందుకు ఒక శాస్త్రీయ పరిశీలన సమాధానమిస్తున్నది. పాకిస్తానులో 2006నాటి హజ్‌యాత్రకు లాటరీపద్ధతిని యాత్రికులను ఎన్నుకొన్నారు. చీటీ తగిలి వెళ్ళివచ్చినవారినీ, దరఖాస్తు పెట్టి చీటీ తగలనివారినీ ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు పోల్చి, 2009లో ఫలితాలు ప్రకటించారు. యాత్ర చేసివచ్చినవారిలో నమాజు నిష్ఠ పెరిగినది. దానితోపాటు ఇతర జాతులవారిపట్లా, ఇతర మతస్థులపట్లా సహనమూ పెరిగినది. బాలికల విద్యపట్ల ఆదరమూ పెరిగినది. నలుదిక్కులవారితో ఒకే వరుసలో నిలిచిన మనిషికి పరాయివాడంటే బెదురు తగ్గినదన్నమాట. కూడిక ఎంత విశాలమైతే మనస్సు అంత విశాలమవుతుందని దీనినిబట్టి ఊహించవచ్చును.

డెల్టాలో ఈ విశాలతకు పుస్తకాల సాక్ష్యం అక్కరలేదు. మగ్రిబ్ నమాజు ముగిసేవేళకు మసీదు వాకిట, నలతగా ఉన్న పసిబిడ్డలను ఎత్తుకొని తల్లులు నిలిచి ఉండడం మన ఊళ్ళలో వింత కాదు. వారిలో హిందూ స్త్రీలు కూడా ఉంటారు. నమాజు చేసి బయటికి వచ్చేవారు ఒక్కొక్కరే ఆగి, దువా చదివి, బిడ్డ ముఖంమీద మెల్లగా ఊదిపోతారు. వైద్యుని మందుకు ఇది బదులు కాదు, ఆ తల్లికీ ఆ సంగతి తెలుసు. తన బిడ్డ బాగుండాలని ఇంతమంది అపరిచితులు కోరుకొన్నారనే ధైర్యంతో ఆమె ఇంటికి వెళుతుంది.

వానల విషయంలోనూ అంతే. అదను దాటినా చినుకు పడకపోతే ముస్లిములు మైదానంలో చేరి 'ఇస్తిస్ఖా' నమాజు చేయడం ఆచారం. దుస్తుల అట్టహాసం లేకుండా, వినయంగా వెళ్ళి, పై ఉత్తరీయాన్ని తిరగవేసి కప్పుకొని, స్థితి మారాలని వేడుకొంటారు. అదే కరవుకు హిందువులు విరాటపర్వం చదివించడం తెలుగుదేశపు సంప్రదాయం. వాన వచ్చినప్పుడు ఎవరి మొర విని వచ్చినదని మేఘాన్ని అడిగే రైతు లేడు. గట్టుకు ఈప్రక్కవాని చేనూ, ఆప్రక్కవాని చేనూ ఒకే నీటితో తడుస్తవి. 1921లో విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, డెల్టా బిడ్డ పింగళి వెంకయ్య గాంధీగారికి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ ప్రక్కప్రక్కన ఉన్నవి. అవి హిందువులకూ, ముస్లిములకూ గుర్తులు. రెండు రంగులనూ ఒకే గుడ్డపై నిలపడం ఈ నేలవారికి సహజమైన ఊహే. ఇక్కడి పల్లెలలో సాయిబుగారిని కమ్మవారి పిల్లవాడు బాబాయి అనీ, కాపుల ఇంటి పెద్దను సాయిబుగారి పిల్లవాడు మామా అనీ పిలవడం తరతరాలుగా ఉన్నది. ఏ శాస్త్రమూ చెప్పకుండానే వారు వరుస కలుపుకొన్నారు.

ఆ పిలుపులు ఈమధ్య తగ్గుతున్నవని పెద్దలు విచారించడంలో నిజం లేకపోలేదు. పొట్టకూటికి పిల్లలు దూరదేశాలకు పోతున్నారు. మేడల ఇళ్ళలో ఎదురుతలుపువాని పేరు తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం నిండిన మసీదు తెల్లవారుజామున ఒకటి రెండు వరుసలతో ముగుస్తుంది. గుడిలోనూ, చర్చిలోనూ స్థితి ఇంతకంటె భిన్నంగా లేదు. కూడిక తగ్గిన మేరకు హాజరు తగ్గుతుంది, హాజరు తగ్గిన మేరకు ఒకరి క్షేమం ఒకరికి తెలియకుండా పోతుంది. ఈ నష్టం జమాఖర్చుల పుస్తకంలో వెంటనే కనబడదు. వడగాలినాడో వరదనాడో ఒక్కసారిగా కనబడుతుంది.

విద్యార్థులు ఈ సంప్రదాయంనుంచి గ్రహింపవలసిన దానికి మతంతో నిమిత్తం లేదు. మసీదులో నమాజు పూర్తయినప్పుడు ప్రతివాడు కుడిప్రక్కకూ, ఎడమప్రక్కకూ తిరిగి సలాము చెబుతాడు. అంతవరకు దేవునివైపు ఉన్న ముఖం తిరిగి లోకంలోకి వచ్చేటప్పుడు మొదట చూచేది పొరుగువానినే. రేపు ఉదయం తరగతిలో హాజరు వేసేటప్పుడు ఒక పేరుకు బదులు రాకపోతే, ఆ బెంచీకి కుడిప్రక్కన ఒకరూ ఎడమప్రక్కన ఒకరూ కూర్చొని ఉంటారు. సాయంకాలం బడి విడిచినాక ఆ ఇద్దరిలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి, ఎందుకు రాలేదని అడిగివస్తే చాలును.